పాత సామానుతో కళాకృతి: చెక్క, రేకు, ప్లాస్టిక్, బట్టల్లో ఎవరికి ఏది నప్పుతుంది?

సంచి నిండా సీసా మూతలు, విరిగిన కుర్చీ కాళ్లు నాలుగు, చిరిగిన జీన్స్ ప్యాంట్లు అరడజను, పనిచేయని కీబోర్డులు రెండు. వీటిలో దేనితో మొదలుపెట్టాలి? చాలామంది కంటికి నచ్చినదాన్ని పట్టుకుంటారు. కొన్నాళ్లకు గోడ మీంచి ఒక్కో ముక్కా ఊడి పడుతుంటే జిగురు మీద నెపం వేస్తారు. జిగురు మంచిదే అయినా ఆ సామానుకు ఆ అతుకు నప్పకపోతే అంతే. అందుకే ఈ పోలికంతా అతుకు చుట్టూ తిరుగుతుంది. అందం, అర్థం, రంగు అన్నీ తర్వాత కుదురుతాయి. అతుకు కుదరకపోతే మిగతావి నిలవవు.

## ముందుగా చూసుకోవాల్సినవి

అతుకు. రెండు వస్తువులను కలపడానికి దారులు నాలుగే: అంటించడం, తీగతోనో దారంతోనో కుట్టడం, స్క్రూతోనో రివెట్‌తోనో (రేకులను కలిపి పట్టే లోహపు చీల) బిగించడం, వేడితో కరిగించి కలపడం. ప్రతి సామానుకూ వీటిలో ఒకటో రెండో సహజంగా నప్పుతాయి. మిగతావి మొండిగా చేస్తే చేయొచ్చు గానీ ఎక్కువ కాలం ఉండవు.

ఆయుష్షు. ప్రదర్శన నాలుగు రోజులే అయితే దేనితో చేసినా ఒకటే. పదేళ్లు గోడ మీద ఉండాలంటే ఎండ, తేమ, పురుగు, తుప్పు నాలుగింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

బరువు. ఇది చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక చదరపు మీటరుకు 11 కిలోల దాకా తూగుతుంది. ఎండీఎఫ్ (చెక్కపొట్టును నొక్కి చేసే పలక) అయితే 13 దాటుతుంది. మీరు దాని మీద ఒక్క ముక్క కూడా అతికించకముందే ఉన్న బరువది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు వెనక చెక్క చట్రం బిగిస్తే పలక బరువు మూడో వంతుకు దిగుతుంది, వంగకుండానూ ఉంటుంది.

ప్రమాదం. పాత వస్తువు ఎక్కడ తిరిగి వచ్చిందో తెలియదు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, గాల్వనైజ్డ్ రేకులో జింకు ఉంటుంది, ఎలక్ట్రానిక్ సామానులో ఇంకా చాలా ఉంటాయి. కోసినా, గీకినా, కాల్చినా అవి గాల్లోకి వస్తాయి.

గుర్తుపట్టాలా, వద్దా. 1942లో పికాసో సైకిల్ సీటునూ హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేశాడు. అది సీటని, హ్యాండిలని చూడగానే తెలుస్తుంది. తెలియకపోతే ఆ పనిలో పస లేదు. అమెరికన్ శిల్పి లూయీస్ నెవెల్సన్ తీరు దీనికి ఎదురు. కుర్చీ కాళ్లు, పలకల తునకలు, అలంకార చెక్కలు పెట్టెల్లో అమర్చి అంతటికీ ఒకే నలుపు వేసేది. ఆమె 1958 నాటి 'స్కై కెథెడ్రల్' ముందు నిలబడితే ఏ ముక్క దేనిదో వెతికితే తప్ప తెలియదు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకుంటే సామాను ఎంపిక సగం అయిపోయినట్టే. వస్తువు గుర్తుపట్టాలంటే కోయకుండా కలపాలి, అంటే మరలూ తీగలూ. గుర్తుపట్టనక్కర్లేదంటే కోయొచ్చు, కరిగించొచ్చు, రంగు వేయొచ్చు.

## ఒకే వస్తువు వెయ్యి సార్లా, వేర్వేరు వస్తువులా?

సామాను కంటే ముందు తేలాల్సింది ఇది. దారులు మూడు.

ఒకటి రెండు వస్తువులతో ముగించడం. ఫ్రెంచ్ కళాకారుడు డ్యూషాం 1913లో స్టూలు మీద సైకిల్ చక్రం నిలబెట్టాడు. చూడటానికి ఇదే సులువు, చేయడానికి ఇదే కష్టం. దాచుకోవడానికి ఏమీ ఉండదు. రెండు వస్తువుల కలయికలో మెరుపు లేకపోతే అది రెండు పాత వస్తువులుగానే మిగిలిపోతుంది. పనిముట్లు మాత్రం దాదాపు అక్కర్లేదు.

వేర్వేరు వస్తువులను ఒకచోట చేర్చడం. అమెరికన్ కళాకారుడు రాషెన్‌బర్గ్ 1955-59 మధ్య చేసిన 'మోనోగ్రామ్'లో మేకపోతు బొమ్మ ఉంటుంది, అదీ గడ్డి కూరిన అసలు మేకే. దాని నడుముకు టైరు తొడిగి ఉంటుంది. ఈ దారిలో అతుకుల తలనొప్పి ఎక్కువ. రబ్బరు, చెక్క, ఇనుము, బట్ట ఒకే పలక మీదికి వస్తే ఏ రెండింటికీ ఒకే జిగురు పనిచేయదు. వేడికి ఇనుము ఒకలా, చెక్క ఒకలా, ప్లాస్టిక్ ఒకలా వ్యాకోచిస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేదీ ఇదే, ఎక్కువగా విడిచిపెట్టేదీ ఇదే.

ఒకే వస్తువును వందలు, వేలుగా పోగేయడం. అర్మాన్, తారా డోనోవాన్, ఎల్ అనట్సుయి అనే కళాకారులు ఈ బాటలో నడిచినవాళ్లు. డోనోవాన్ థర్మోకోల్ కప్పులను ఒకదానికొకటి అంటించి పైకప్పు నుంచి మబ్బులా దించుతుంది. కొత్తవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఈ దారే. ఒక్క అతుకు సాధించుకుంటే చాలు, మిగతాదంతా ఓపిక. చిన్న తప్పులు వెయ్యి ముక్కల్లో కనబడవు. పైగా మామూలు వస్తువు సంఖ్య పెరిగేకొద్దీ వస్తువుగా కనబడటం మానేసి మేనిలా, నీటిలా, పొలుసులా కనబడటం మొదలవుతుంది.

కాకపోతే లెక్క ముందే వేసుకోవాలి. కూల్‌డ్రింక్ సీసా ఇనుప మూత అంచు నుంచి అంచుకు 32 మిల్లీమీటర్లు. చదరపు మీటరు నింపాలంటే వరసల్లో పేరిస్తే దాదాపు 960 కావాలి, తేనెపట్టులా ఒకదాని సందులోకి ఒకటి జరిపితే 1,100 దాటతాయి. ఒక్కో మూతకు నాలుగు రంధ్రాలు కొట్టి తీగ మెలేయడానికి మూడు నిమిషాలు అనుకోండి, 960 మూతలకు 48 గంటలు. రోజుకు గంట కుదిరేవాళ్లకు ఇది నెలన్నర పైమాట. ఈ లెక్క చూసి భయపడేవాళ్లు అర మీటరు చదరంతో మొదలుపెట్టొచ్చు, పని నాలుగో వంతే అవుతుంది.

## రేకు, లోహం

తక్కువ పనిముట్లతో ఎక్కువ కాలం నిలిచేది ఇదే. అయితే లోహాలన్నీ ఒకటి కావు.

అల్యూమినియం మూతలు, డబ్బాలు. మెత్తనివి. దబ్బనంతో పొడిస్తే రంధ్రం పడుతుంది, కత్తెరతో తెగుతుంది. ఎల్ అనట్సుయి మద్యం సీసాల అల్యూమినియం మూతలను చదును చేసి, మడిచి, రాగి తీగతో కలిపి గోడంత వస్త్రాలు నేయిస్తాడు; 2023లో లండన్ టేట్ మోడరన్‌లోని పెద్ద హాల్లో వేలాడినవి అవే. ఆ అతుకులో ఉన్న గొప్ప వీలు ఏమిటంటే అది వంగుతుంది. మడిచి పెట్టెలో పెట్టొచ్చు, విప్పి వేరే గోడకు వేరేలా వేయొచ్చు.

చేతితో చేసేటప్పుడు పాటించాల్సినవి: రంధ్రం అంచుకు కనీసం 3 మిల్లీమీటర్ల లోపల ఉండాలి, లేకపోతే బరువుకు చీలుతుంది. 1.5 మిల్లీమీటర్ల రంధ్రానికి 0.5 లేదా 0.6 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. మెలిక మూడు చుట్లు చాలు; ఐదారు తిప్పితే తీగ మెలిక దగ్గరే తెగుతుంది. తీగ కొస వెనక్కి మడిచి సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. అది మర్చిపోతే ఎత్తి పెట్టినప్పుడల్లా చేతులు గీరుకుంటాయి.

రాగి, అల్యూమినియం తగులుకున్నచోట తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది, రంధ్రం చుట్టూ తెల్లటి పొడి కనబడుతుంది. పొడిగా ఉండే గదిలో ఈ భయం లేదు. ఆరుబయట వేలాడేది అయితే అల్యూమినియం తీగే వాడండి.

టిన్ను డబ్బాలు. లోపల వార్నిష్ పూత, బయట రంగు ఉంటాయి. రెండింటినీ గీకేస్తే మాటు వేయడానికి వీలుగా ఉంటాయి. సన్నటి ఎలక్ట్రానిక్స్ సోల్డరింగ్ ఐరన్ వేడి రేకులో ఇంకిపోతుంది. 100 వాట్లది కావాలి. కోసిన అంచు బ్లేడుతో సమానం, పటకారుతో 3 మిల్లీమీటర్లు లోపలికి మడవాలి.

స్టీలు గిన్నెలు, గరిటెలు, ప్లేట్లు. భారతీయ కళాకారుడు సుబోధ్ గుప్తా 2008లో 'లైన్ ఆఫ్ కంట్రోల్' అనే పుట్టగొడుగు మేఘాన్ని వీటితోనే కట్టాడు. మెరుపు చూసి అందరూ మోజుపడే సామాను ఇది. ఇంటి డ్రిల్లుతో మొదటి రంధ్రం పెట్టేటప్పుడు చుక్కలు కనబడేదీ దీనితోనే. వేగంగా తిప్పితే స్టీలు ఆ చోట మరింత గట్టిపడుతుంది, బిట్ మొద్దుబారుతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా దిగదు. 4 మిల్లీమీటర్ల కోబాల్ట్ బిట్‌తో నిమిషానికి 800 చుట్లకు మించకుండా, గట్టిగా నొక్కి, చుక్కలు చుక్కలుగా నూనె వేస్తూ పోవాలి. ముందు 2 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి తర్వాత పెంచడం మంచిది. పొడి సన్నటి దుమ్ములా రాలుతుంటే వేగం ఎక్కువైందని, చుట్టలు చుట్టలుగా వస్తుంటే సరిగా కోస్తోందని గుర్తు.

కలపడానికి పాప్ రివెట్ అనువైనది. 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కు 3.3 రంధ్రం. పొడవు తేల్చడానికి, రెండు రేకుల మొత్తం మందానికి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. అంతకంటే పొట్టిదైతే వెనక తల విచ్చుకోదు, మెల్లగా ఊగుతూ ఊగుతూ వచ్చేస్తుంది.

వెల్డింగ్ తెలిసినవాళ్లకు ఒక్క మాట. గాల్వనైజ్డ్ బకెట్, పైపు, తీగ జల్లెడ దేనికీ ఆ పూతతో వెల్డింగ్ చేయొద్దు. జింకు పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం వస్తుంది. క్రోమ్ పూత ఉన్న కొళాయి భాగాలను గ్రైండర్ పెట్టి గీకడమూ అంతే తప్పు.

## ప్లాస్టిక్

అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది, అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది. సీసా మూతలు, షాంపూ డబ్బాలు, సంచులు ఎక్కువగా పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ రకాలు. వీటి పైతలం మామూలు జిగురు దేన్నీ పట్టుకోదు. సూపర్ గ్లూ, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు), హాట్ గ్లూ (వేడికి కరిగించి వేసే జిగురు) ఏది వేసినా ఎండిన పొరలా గోటితో ఊడొస్తుంది. గరుకు కాగితంతో రుద్దినా పెద్ద తేడా ఉండదు.

ఏ రకమో తెలుసుకోవడానికి డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది: 1 పెట్ (నీళ్ల సీసాల రకం), 2 గట్టి పాలీఇథిలీన్, 3 పీవీసీ, 4 మెత్తటి పాలీఇథిలీన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ. అంకె చెరిగిపోయిందా? చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. 2, 4, 5 రకాలు తేలుతాయి. పెట్, పీవీసీ మునుగుతాయి. (నురగ రూపంలో ఉన్న థర్మోకోల్‌కు ఈ పరీక్ష పనికిరాదు, లోపల గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది.) తేలినవాటికి జిగురు మాట మర్చిపోవచ్చు.

తేలేవాటికి ఉన్న దారులు: రంధ్రం పెట్టి తీగ, జిప్ టై (లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ), రివెట్. రివెట్ వేస్తే ప్లాస్టిక్ వైపు వాషర్ తప్పనిసరి, లేకపోతే తల మెత్తటి ప్లాస్టిక్‌ను కోసుకుని లోపలికి పోతుంది. లేదా వేడి. పాలీఇథిలీన్ సంచులను ఆరు నుంచి ఎనిమిది పొరలు పేర్చి, పైనా కిందా బేకింగ్ కాగితం వేసి ఇస్త్రీ చేస్తే తోలులాంటి పలక వస్తుంది. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి నుంచి మొదలుపెట్టి పెంచండి. ఒక్కచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. రంధ్రాలు పడుతున్నాయంటే వేడి ఎక్కువ, పొరలు విడిపోతున్నాయంటే తక్కువ. ఆ పలకను మామూలు కుట్టుమిషన్‌తో కుట్టొచ్చు. కిటికీలన్నీ తీసి చేయాల్సిన పని. పీవీసీ ముక్క ఒక్కటి పొరపాటున కలిసినా వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, గొంతు మండుతుంది.

పెట్ సీసాలు వేరే జాతి. హాట్ ఎయిర్ గన్‌తో దూరం నుంచి వేడి తగిలిస్తే కోసిన ముక్కలు రేకుల్లా ముడుచుకుంటాయి, చల్లారాక అలాగే బిగుసుకుంటాయి. పెట్‌కు ఎపాక్సీ పట్టుకుంటుంది కూడా, కాస్త గరుకు చేస్తే.

థర్మోకోల్ మీద మామూలు స్ప్రే పెయింట్ వేస్తే అందులోని ద్రావకం దాన్ని తినేస్తుంది. నీటి ఆధారిత యాక్రిలిక్ పూత రెండుసార్లు వేసి ఆరాక ఏదైనా వేయండి.

ఎండ విషయంలో ప్లాస్టిక్ మొహమాటపడదు. రంగు సీసా మూతలు ఆరుబయట ఏడాదీ రెండేళ్లలో వెలిసి, పెళుసెక్కి, తీగ దగ్గర చిట్లుతాయి. నల్ల ప్లాస్టిక్ కొంత మేలు, అందులోని కార్బన్ పొడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. బయట పెట్టదలచుకున్న పనికి రంగురంగుల మూతలు ఎంచుకోవడం శాశ్వతమైన పని కాదని ముందే ఒప్పుకోవాలి.

## చెక్క

మొదటి పెద్ద పని గోడ మీద కనబడాలనుకునేవాళ్లకు చెక్కే ఎంచుకోమంటాను. జిగురు, స్క్రూ, మేకు మూడూ పట్టే సామాను ఇదొక్కటే.

తెల్ల చెక్క జిగురు పలచగా రాసి గంటసేపు బిగించి ఉంచితే కదపడానికి సరిపడా పడుతుంది, పూర్తి బలానికి 24 గంటలు. బరువైన ముక్కకు వెనక నుంచి స్క్రూ వేయాలి, ముందు సన్నటి రంధ్రం పెట్టి మరీ. పాత చెక్క ఎండిపోయి ఉంటుంది, రంధ్రం లేకుండా స్క్రూ దింపితే కొన దగ్గర చీలుతుంది. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. కాబట్టి వెడల్పైన పలకను ఇంకో పలకకు అడ్డంగా పూర్తిగా అంటిస్తే రుతువు మారాక మధ్యలో పగులు ఖాయం. మధ్యలో మాత్రమే అంటించి అంచులను వదిలేయండి.

సరుకు రవాణా ప్యాలెట్ల చెక్క వాడితే ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు పొగ పట్టించింది, దాన్ని వదిలేయండి. ముద్రే లేకపోతే, నూనె మరకలు ఉంటే, అదీ వద్దు.

సన్నటి రంధ్రాల కింద పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉంది. ఆ ముక్కను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచుతారు. మ్యూజియంలు చేసేదీ ఇదే. బయటకు తీశాక సంచి వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగితే తేమ చెక్కకు కాక సంచికి పడుతుంది.

పాత రంగు ఉన్న తలుపు చెక్కలను పొడిగా రుద్దడం సీసం పీల్చడమే కావొచ్చు. రుద్దకుండా పైన ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసేయడం సులువు, క్షేమం. ఇక్కడే నెవెల్సన్ పద్ధతి అక్కరకొస్తుంది. మెరుపులేని ఒకే రంగు, రెండు పూతలు. ముక్కల రంగు తేడాలు, జిగురు మరకలు, స్క్రూ తలలు అన్నీ అందులో కలిసిపోతాయి, నీడలు మాత్రం మిగులుతాయి. నలుపే కానక్కర్లేదు, ఆమె తెలుపు, బంగారు రంగులతోనూ చేసింది.

## బట్ట

చప్పుడు, దుమ్ము, వాసన ఏమీ లేకుండా చిన్న గదిలో చేయగలిగిన పని. కుట్టు కంటే నమ్మకమైన అతుకు ఈ జాబితాలో ఇంకోటి లేదు. కోసే ముందు అన్నీ వేడినీళ్లలో ఉతికి ఆరేయాలి, లేకపోతే తర్వాత ఒక్కో ముక్క ఒక్కోలా కుంచించుకుపోయి పలకంతా ముడతలు పడుతుంది. సాగే బనీను గుడ్డనూ సాగని జీన్స్‌నూ పక్కపక్కన కుట్టాల్సి వస్తే బనీను వెనక సాగని పలచటి గుడ్డ వేసి కుట్టండి. జీన్స్ కుట్లు నాలుగు పొరలు కలిసేచోట 100 సైజు సూది కావాలి; సన్నసూది అక్కడే విరుగుతుంది.

వేలాడదీయడానికి వెనక పైఅంచున 10 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలా గుడ్డ కుట్టి కర్ర దూర్చండి. బరువు అంతటా సమంగా పడుతుంది. మేకులకు మూలలు తగిలిస్తే కొన్ని నెలలకే మధ్యలో జారిపోతుంది. వెలుతురు దీనికి శత్రువు. మ్యూజియంలు వస్త్రాలకు 50 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుతురే ఇస్తాయి. వెలిసిన రంగు తిరిగి రాదు.

## ఎలక్ట్రానిక్ చెత్త

సర్క్యూట్ బోర్డులు నగరపటంలా ఉంటాయని అందరూ అవే చేస్తారు, అందుకే అవి చూసీచూసీ విసుగు. కీబోర్డు మీటలు, కేబుళ్లు, హార్డ్ డిస్క్ పళ్లేలు, స్పీకర్ కోన్లు మేలు. హార్డ్ డిస్క్ పళ్లేల్లో కొన్ని గాజువి ఉంటాయి, వంచబోతే పేలినట్టు పగులుతాయి.

వద్దన్నవి మాత్రం కచ్చితంగా వద్దు. మైక్రోవేవ్ ఓవెన్ విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు ఉండిపోవచ్చు. పాత టీవీ పిక్చర్ ట్యూబ్ పగలగొట్టొద్దు, ట్యూబులైట్లూ అంతే. ఉబ్బిన లిథియం బ్యాటరీ ఉన్న ఫోన్‌ను గుచ్చొద్దు. బోర్డును కోస్తే గాజుపీచు దుమ్ము లేస్తుంది, తడిపి కోయాలి, మాస్క్ ఉండాలి. కోయకుండా వాడగలిగితే ఈ గొడవే లేదు. బోర్డుకు ముందే స్క్రూ రంధ్రాలుంటాయి.

## కాగితం, అట్ట, గాజు

కాగితం ఖర్చులేనిది. 1919 నుంచి జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ ట్రామ్ టికెట్లు, రేపర్లతో చేసిన పనులు చూస్తే దీనితో ఎంత దూరం పోవచ్చో తెలుస్తుంది. వార్తాపత్రిక కాగితం అందులోని లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) వల్ల పసుపెక్కి పెళుసవుతుంది. అట్టకు ఒకవైపే కాగితం అంటిస్తే ఆరేటప్పుడు ఆ వైపుకు వంగుతుంది. వెనకా ఒక కాగితం అంటిస్తే నిలబడుతుంది. పిండి జిగురు వాడితే పురుగులు వస్తాయి.

పగిలిన పింగాణీ, గాజు ఆరుబయట అన్నిటినీ మించి నిలుస్తాయి. 1976లో ప్రజలకు తెరిచిన చండీగఢ్ రాక్ గార్డెన్‌లో నేక్ చంద్ చేసిన బొమ్మలు ఇందుకు సాక్ష్యం. కానీ అది సిమెంటు పని, గది పని కాదు.

## ఒకచోట పెట్టి చూస్తే

| సామాను | నప్పే అతుకు | నప్పనిది | గదిలో | ఆరుబయట | బరువు |
|---|---|---|---|---|---|
| అల్యూమినియం మూతలు | తీగ | హాట్ గ్లూ | చాలా కాలం | అల్యూమినియం తీగతో అయితే సరే | తక్కువ |
| స్టీలు గిన్నెలు | రివెట్, బోల్టు | హాట్ గ్లూ | చాలా కాలం | బాగుంటుంది | ఎక్కువ |
| తేలే ప్లాస్టిక్ | తీగ, జిప్ టై, వేడి | ఏ జిగురైనా | బాగుంటుంది | ఏడాదీ రెండేళ్లు | తక్కువ |
| పెట్ సీసాలు | ఎపాక్సీ, తీగ | తెల్ల చెక్క జిగురు | బాగుంటుంది | అంతంత మాత్రం | చాలా తక్కువ |
| చెక్క | చెక్క జిగురు, స్క్రూ | హాట్ గ్లూ ఒక్కటే | చాలా కాలం | పూత ఉంటేనే | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| బట్ట | కుట్టు | అన్ని జిగుర్లూ | వెలుతురు తక్కువైతే | వద్దు | తక్కువ |
| కాగితం | ఆమ్లం లేని తెల్ల జిగురు | పిండి జిగురు | గాజు వెనక | వద్దు | చాలా తక్కువ |

హాట్ గ్లూ పట్టికలో చెడ్డగా కనబడుతోంది, దానికి కారణం ఉంది. వేసవి కిటికీ పక్క వేడికే అది మెత్తబడుతుంది. చల్లటి లోహం మీద వేస్తే అంటుకోకముందే గడ్డకడుతుంది. దాని సరైన వాడకం వేరు: ఎపాక్సీ గట్టిపడేదాకా ముక్కను కదలకుండా పట్టి ఉంచడం. ఎపాక్సీలోనూ ఐదు నిమిషాల రకం కంటే 24 గంటల రకం బలమైనది. లోహానికి వేసేముందు 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, ఆ చోట మళ్లీ వేలు పెట్టకుండా అంటించాలి. ఇక సిలికాన్ జిగురు. వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని, ఇత్తడిని, అద్దం వెనక పూతను తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది తీసుకోండి.

## మీ సంగతి ఏదైతే

అద్దె గది, పక్కింటివాళ్లతో చప్పుడు గొడవ. బట్ట, లేదా అల్యూమినియం మూతలు, తీగ. రెండూ ఒడిలో పెట్టుకుని చేసుకోవచ్చు. గోడకు రెండు మేకులే పడతాయి. డ్రిల్లు కొనేముందు ఈ రెంటిలో ఒకటి పూర్తి చేసి చూడండి.

పిల్లలతో కలిసి. పెద్ద సీసా మూతలు, జిప్ టైలు. రంధ్రాలు ముందే పెద్దవాళ్లు పెట్టి ఉంచాలి. పిల్లలకు రంగుల వరస తేల్చే పని వదిలేయండి, అది వాళ్లకు బాగా వచ్చు. టిన్ను డబ్బాలు, పెట్ వేడిచేయడం వద్దు.

ప్రదర్శనకు పంపాలి, అమ్మాలి. చెక్క లేదా లోహం. కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎన్నాళ్లుంటుందని. ముక్కలుగా విడదీసి మళ్లీ బిగించేలా బోల్టులతో చేస్తే రవాణా బాధ సగం తగ్గుతుంది. బ్రిటిష్ కళాకారిణి కార్నీలియా పార్కర్ 1988-89లో రోడ్ రోలర్ కింద చదును చేయించిన వెయ్యికి పైగా వెండిపూత సామాను ముప్పై గుంపులుగా తీగలకు వేలాడుతుంది. ఆ పని ప్రతిసారీ విప్పి కట్టగలిగేది. వాడిన ముక్కల్లో పదో వంతు అదనంగా దాచి, వెనక వైపు ఒక కాగితంపై ఏ తీగ, ఏ జిగురు, ఏ రంగు వాడారో రాసి అంటించండి. పదేళ్ల తర్వాత మరమ్మతు చేసేవాళ్లకు అదే దారి చూపుతుంది.

ఆరుబయట. స్టీలు, పింగాణీ. గాలి లెక్క మర్చిపోవద్దు. రెండు చదరపు మీటర్ల రేకు పలక గాలికి తెరచాపే. మధ్యలో ఖాళీలు వదిలితే గాలి దూరిపోతుంది.

రెండు సాయంత్రాలే టైముంది. ఒకటి రెండు వస్తువుల దారి. రెండు బోల్టులు, వాటి మధ్య రబ్బరు వాషర్. మొదటి సాయంత్రమంతా వస్తువులను అటూ ఇటూ తిప్పి పెట్టి చూడటానికే సరిపోవాలి.

## పెద్దది మొదలుపెట్టే ముందు

ఏది ఎంచుకున్నా 30 సెంటీమీటర్ల నమూనా ఒకటి చేయండి. అసలు పనికి వాడబోయే అదే తీగ, అదే జిగురు, అదే పూత. ఒక రోజు ఎండలో, ఒక రాత్రి తడిగుడ్డ కప్పి, మూడోరోజు మోకాలెత్తు నుంచి కింద పడేయండి. ఇరవై అతుకుల్లో ఒక్కటి ఊడితే ఆ ఒక్కటి ఎలా వేశారో చూసుకోండి. నాలుగైదు ఊడితే అతుకు పద్ధతే మార్చాలి, మరింత జిగురు పోయడం వల్ల లాభం లేదు. వేలాడేదానికి ఇంకో పరీక్ష: పని బరువు తూచి, దానికి మూడింతల ఇసుక సంచి అదే కొక్కేనికి రెండు రోజులు వేలాడదీయండి. 8 కిలోల పనికి 24 కిలోలు. కొక్కెం మిల్లీమీటరు కిందికి జారినా గోడలో స్క్రూను పట్టి ఉంచే ప్లగ్ మార్చాలి, లేదా బరువును రెండు కొక్కేలకు పంచాలి.